పొగవైపు చోటు

నీళ్ళలోంచి పైకి వచ్చిన ఆడవాళ్ళకి ముందు కావలసింది మంట. మాటలు ఆ తరవాత. సముద్రం ఒడ్డున గాలికి అడ్డంగా నల్లరాళ్ళతో గుండ్రంగా కట్టిన గోడ ఒకటి ఉంది. దాని మధ్యలో చితుకులు వేసి, రబ్బరు దుస్తులు నడుం దాకా దించుకుని, వీపులు కాచుకుంటూ కూచుంటారు. అక్కడ ఎవరి చోటు వాళ్ళదే. గాలి వచ్చే వైపు, పొగ తగలని చోట, లోతుకి మునిగే ఆరితేరిన పెద్దవాళ్ళు. వాళ్ళ పక్కన నడితరం. పొగ కొట్టే వైపు కొత్తగా నేర్చుకునేవాళ్ళు. ఈ లెక్క ఎవరూ చెప్పరు, ఎవరూ తప్పరు.

ఊపిరి బిగబట్టి సముద్రం అడుగునుంచి నాచూ గుల్లలూ తెచ్చే ఈ మునకగత్తెల సంఘానికి చునే పెద్ద. ఆమె చోటు మాల్జా అవ్వకి ఎడమ పక్కన. అవ్వకి ఎనభై నిండినా ఇంకా మోకాలి లోతులోనైనా దిగకపోతే నిద్ర పట్టదు. అవ్వకి కుడిపక్క చోటు పిల్సున్‌ది. కానీ ఆ చోట ఇప్పుడు ఎవరిదో తడిసిన వలసంచి పడి ఉంది. పోయిన చలికాలం నుంచీ పిల్సున్ పొగవైపు కూచుంటోంది. ఎవరింటికో కొత్తగా వచ్చిన కోడలు పిల్ల ఒకతె, "పెద్దమ్మా, ఇక్కడ పొగ, మీరు అటు కూచోండి" అంటే, "నాకిక్కడే వెచ్చగా ఉందిలే" అంది. అంతే. మళ్ళీ ఎవరూ కదపలేదు.

ఎందుకు మారిందో అడగవలసిన పని లేదు. ఆ రోజు అందరూ అక్కడే ఉన్నారు. చేపల సహకార సంఘంలో ఆడవాళ్ళ తరఫున ఒకరు ఉండాలని పైనుంచి మాట వచ్చింది. తూకాల దగ్గర నోరున్న మనిషి కావాలి. మాల్జా అవ్వ పిల్సున్ పేరు చెప్పింది. నలుగురూ తల ఊపుతున్నారు. అప్పుడు చునే లేచి, "ఆరేళ్ళ ప్రాథమిక బడి పూర్తి చేసినవాళ్ళే ఉండాలని నియమం ఉంది. సంతకాల పని ఇది. ఐదో తరగతి గట్టెక్కనివాళ్ళం కుండ పట్టుకుంటే చాలు, కలం మనకెందుకు?" అంది. మనం, మనకు అని కలుపుకుని అన్నా, ఆమె కళ్ళు మాత్రం పిల్సున్ మీదే ఉన్నాయి. పిల్సున్ తడి సంచీ ఎత్తుకుని పొగవైపు నడిచింది. ఆ పని చివరికి చునే నెత్తినే పడింది. పడిందనడం ఎందుకు, ఎత్తుకుంది.

గోడ అవతల ఎవరో దగ్గారు. మగవాళ్ళు ఆ గోడ దాటి లోపలికి రారు. బయట నిలబడి, రాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాలి.

"నేనండీ, బడి పెద్దమాస్టారిని. కో మాస్టారిని."

"తెలుస్తోందిలే నాయనా, అంత సన్నంగా దగ్గేది నువ్వే," అంది మాల్జా అవ్వ. ఆడవాళ్ళు నవ్వారు.

మాస్టారు గోడకే చెప్పుకొచ్చాడు. ఈ ఆదివారం బడికి యాభయ్యో వార్షికోత్సవం. అప్పట్లో బడి సగం కాలిపోతే, ఈ ఊరి ఆడవాళ్ళు ఒక ముక్క సముద్రం విడిగా పెట్టి, ఆ నాచు అమ్మిన డబ్బుతో రాయి మీద రాయి పెట్టి బడి మళ్ళీ లేపారు. దాన్ని బడి సముద్రం అనేవారు. ఆ పేరు ఊళ్ళో ఇంకా పోలేదు. పండగ పేరు మీద ఒక్క పూట మళ్ళీ ఆ ముక్కలో కోత కోసి బడికిస్తే బాగుంటుందని ఒక మనవి. రెండోది, ఆ కోతలో పనిచేసి తాము మాత్రం బడి పూర్తి చెయ్యలేకపోయిన ఆడవాళ్ళందరికీ బడి తరఫున గౌరవంగా పట్టాలు ఇద్దామని కమిటీ అనుకుంది.



"పట్టా నాకెందుకురా ఇప్పుడు, పెట్టెలో పెట్టి పాతిపెడతారా?" అంది అవ్వ.

"తీసుకో అవ్వా. పైకెళ్ళాక ఎంతదాకా చదివావని అడిగితే చూపించొచ్చు," అంది మంట పక్కనుంచి ఒకతె.

"మా అమ్మకి సంఖ్యలు రావు. నాకు పేరు రాయడం వచ్చు. నా కూతురు హైస్కూలు. మనవరాలు సియోల్‌లో ఏదో పెద్ద చదువు, దాని పేరు నాకు నోరు తిరగదు," అంది ఒకామె వేళ్ళు మంటకి చాపుతూ. "ఇంకో తరం పోతే ఈ గోడలో గబ్బిలాలే ఉంటాయి."

"ఉండనీ. గబ్బిలాలకి చలి వెయ్యదు."

మాస్టారు నవ్వులు ఆగేదాకా ఆగాడు. "ఇంకో మాటండీ. చునేగారు మన బడి నాలుగో బ్యాచ్. ఈ సంఘానికీ పెద్ద. అందుకని ఆ పట్టాలు వారి చేతుల మీదుగా ఇప్పిద్దామని."

చునే చేతిలో చితుకు ఉంది. దాన్ని మంటలో పెట్టబోయి ఆగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తన ముఖం ఎలా ఉందో చూసుకోవాలని చెయ్యి దవడ మీదికి పోయింది. అందరూ మంటకేసే చూస్తున్నారు. పొగవైపు పిల్సున్ తలకి కట్టిన గుడ్డ విప్పి, మెల్లగా, చుక్క మిగలకుండా పిండుతోంది. ఒక్కరూ చునేకేసి చూడలేదు. చూడకపోవడం తన అదృష్టం అనుకుందామె.

"అలాగే మాస్టారూ," అంది గోడతో.

ఇంట్లో కోడలు సొన్మి నీలం చొక్కాల మూట ముందు పెట్టుకుని కూచుంది. ఆ బడిలోనే రెండో తరగతి పంతులమ్మ. పండగ పనంతా కుర్రపంతుళ్ళ మీద పడింది. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో రంగు. ఏటా పూర్వ విద్యార్థుల ఆటల పోటీల్లో చునే ఈ నీలం చొక్కా తొడుక్కుని, నాలుగో బ్యాచ్ గుడారం కింద మగవాళ్ళ మధ్య కూచుని తాడులాటలో కేకలు వేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా అదే. మొదటి ఏడు భయపడింది. రెండో ఏడు కొంచెం. తరవాత ఆ చొక్కా ఆమె ఒంటికి అలవాటైపోయింది.

"అత్తయ్యా, ఈసారి మీకు పెద్ద సైజు తెచ్చాను. పోయినసారి చేతులు బిగుసుకుపోయాయన్నారుగా," అంది సొన్మి. "పిల్లలకి చెప్పాను. మా అత్తగారు మీ కంటే ముందు ఇదే బడిలో ఆరేళ్ళూ చదివారు, వేదిక మీద పట్టాలిచ్చేది ఆవిడే అని. ఒకడైతే, అప్పట్లో మీకు హోంవర్కు ఉండేదా అని అడగమన్నాడు."

"ఉండేదిలే," అంది చునే.

సొన్మి చొక్కాలు మడత పెడుతూనే ఉంది. "పట్టాలకి పేర్లు రాస్తున్నాం. పిల్సున్ పెద్దమ్మని ఏ తరగతిదాకా చదివారని అడిగితే నవ్వి ఊరుకున్నారు. మీ ఈడే కదా. మీకేమైనా గుర్తుందా?"

చునే గుమ్మంలో కూచుని రబ్బరు బూట్ల ఇసక దులుపుతోంది. ఆమెకి గుర్తుంది. పిల్సున్ ఎడమ చేత్తో రాసేది. అందుకని బల్ల మీద ఎడమవైపు కూచునేది, లేకపోతే ఇద్దరి మోచేతులూ కొట్టుకునేవి. ఐదో తరగతిలో పరీక్షలకి ముందు ఒకే పొద్దున ఇద్దరూ ఆ బల్ల మీదినుంచి లేచిపోయారు.

"ఏమో. నాకు గుర్తు లేదు," అంది.

అన్నాక బూటు ఇంకా దులుపుతూనే ఉంది. దాంట్లో ఇసక ఎప్పుడో అయిపోయింది.

ఎవరైనా నోరు జారితే పిల్సునే జారాలి. బ్యాచ్‌లో మగవాళ్ళకి ఆడపిల్లలు ఎప్పుడు మానేశారో ఏం గుర్తుంటుంది? చలికాలంలో అంత మాట అన్నది కూడా అందుకే. పిల్సున్ ఆ కుర్చీలో కూచుంటే ఎప్పుడో ఒకప్పుడు, నేనూ చునే ఒకేరోజు మానేశాం అంటుంది. అనకముందే నోరు కట్టెయ్యాలని తనే ముందు అనేసింది. ఆ సంగతి తనకి బాగా తెలుసు. తెలిసినా, పిల్సున్‌ని చూస్తే జాలి కంటే ముందు భయమే వేస్తుంది. ఆ భయం చూసుకుని మళ్ళీ సిగ్గు.

కోతరోజు సముద్రం దయగా ఉంది. బార్లీ చేల మీదినుంచి వచ్చే గాలి కూడా నీళ్ళని కదపలేదు. ఆడవాళ్ళు నడుముకి సీసపు బిళ్ళలు బిగించి, కళ్ళ అద్దాలకి ఆవిరి పట్టకుండా మాచిపత్రి రసం రుద్ది, నీళ్ళ మీద తేలే తెప్పబుర్రలు తోసుకుంటూ బడి సముద్రంలోకి వెళ్ళారు. మునిగేటప్పుడు ఇద్దరిద్దరు. ఒకరి ఊపిరి మీద ఒకరు చెవి వెయ్యాలి. చునేకి జత పిల్సున్. ఎంత మాటలు లేకపోయినా, చోటు మారినా, నీళ్ళలో జత మారలేదు. ఊపిరి విషయంలో అలగడం కుదరదు.

చునే మునిగి, రాయి మొదట్లో నాచు గుప్పిట పట్టి కొడవలి వేసింది. మళ్ళీ, మళ్ళీ. ఛాతీ బిగిసేదాకా కోసి పైకి వచ్చింది. పక్కన పిల్సున్ తల పైకి వచ్చి, పెదాల మధ్యనుంచి ఊపిరి ఈలగా వదిలింది. ఈ తీరంలో ఎందరు ఈల వేసినా, కళ్ళు మూసుకుని అది పిల్సున్‌దని చునే చెప్పగలదు. చివర్న కొంచెం విరుగుతుంది.

ఇద్దరూ ఒక తెప్పబుర్ర మీద చేతులు వేసి ఆయాసం తీర్చుకున్నారు.

"ఆ కోడిపుంజు రాయి ఇదే కదూ," అంది పిల్సున్. చలికాలం తరవాత తనంతట తను మాట్లాడటం ఇదే. "మొదటిరోజు నువ్వు దీన్ని పట్టుకునే ఏడ్చావు."

"నువ్వూ ఏడ్చావు."

"నేను చలికి ఏడ్చాను. నువ్వు పలక బడిలోనే ఉండిపోయిందని ఏడ్చావు."

చునేకి నవ్వొచ్చింది. ఇంటికొక చెయ్యి రావాలని అప్పట్లో ఊరు తీర్మానం. చునే అమ్మ పురిట్లో ఉంది. పిల్సున్‌కి అమ్మే లేదు. నాచు కోత అవగానే మళ్ళీ బడికి పంపుతామన్నారు. బడి కట్టడం పూర్తయ్యేసరికి ఇద్దరికీ లోతు పట్టుబడింది. లోతు పట్టిన పిల్లని బడికి పంపే ఇల్లు ఏదీ లేదు.

ఆదివారం ఈ సంగతి ఎక్కడా అనకు అని నవ్వు ఉండగానే అడగాలనిపించింది. నోరు తెరిచింది కూడా. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఆదివారం వంట దగ్గర ఒక పెద్దదిక్కు ఉండాలి. పందిమాంసంలో నాచు వేసి పులుసు నీలా ఎవరికీ కుదరదు."

పిల్సున్ అద్దం నుదుటి మీదికి తోసుకుంది. ముక్కు పక్కల అద్దం గీతలు ఎర్రగా ఉన్నాయి.

"వేదిక మీదికి రావద్దంటావు."

"నేనలా అన్నానా?"

"అనలేదు." కాసేపు ఊపిరి చూసుకుంది. "పులుసు చూసుకుంటాలే."

మళ్ళీ అద్దం దించుకుని మునిగిపోయింది. చునే హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. సిగ్గుపడుతూ కూడా లోపల హమ్మయ్య అనుకుంటూనే ఉంది. నీళ్ళ మీద ఒంటరిగా తేలుతూ, పిల్సున్ ఈల ఎప్పుడు వినిపిస్తుందా అని చెవి వేసి ఉంది.

ఆదివారం బడి ఆవరణంతా రంగురంగుల చొక్కాలు. గుడారాల వెనక మాంసం కోసే బల్ల వేశారు. విందులో మాంసం కోసే పని ఒక్కడిదే. వాడి కత్తికి ఎదురులేదు. ఎవరికైనా అవే మూడు ముక్కలు, ఒక టోఫు ముక్క, నెత్తురు నింపిన పేగు ఒక తునక. మండలం పెద్ద వచ్చినా, చంకలో పిల్లయినా ఒకటే వాటా. ఈసారి కత్తి నాలుగో బ్యాచ్ పెద్ద యాంగ్ సాంగిల్‌ది. చెప్పులు కుట్టిన చేతుల్లా మోటుగా ఉండే అతని వేళ్ళు మాంసాన్ని మాత్రం పువ్వుని ముట్టుకున్నట్టు ముట్టుకుంటాయి.

చునే నీలం చొక్కా తొడుక్కుని బ్యాచ్ పళ్ళేలు తీసుకుపోవడానికి వచ్చింది. పళ్ళేలన్నీ సర్దాక ఒకటి మిగిలింది. దానిమీద కాగితం కప్పి ఉంది.

"ఇది ఎవరిది, సాంగిల్?"

"పిల్సున్‌ది."

"పిల్సున్ మన బ్యాచ్ కాదుగా." మాట అలవాటుగా వచ్చేసింది.

కత్తి ఆగింది. సాంగిల్ తల ఎత్తి ఆమెని చూశాడు. కోపంగా కాదు. తప్పిపోయిన మేకని చూసినట్టు చూశాడు.

"ఎందుక్కాదు? నీతోపాటే బడికొచ్చింది. నీతోపాటే మానేసింది."

చునే పళ్ళేల దొంతర బల్ల మీద పెట్టేసింది.

"నీకు తెలుసా?"

"బల్ల ఖాళీగా ఉంటే కనబడదా చునే? పరీక్షలయ్యేదాకా మాస్టారు ఆ బల్ల తీయనివ్వలేదు. మీరొస్తారని. మా అందరికీ తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ..."

సాంగిల్ కత్తి గుడ్డతో తుడిచాడు. "మొదటిసారి ఆటల పోటీలు పెట్టినప్పుడు మీ ఇద్దర్నీ కూడా పిలవాలనుకున్నాం. నేనే ముందు పిల్సున్ ఇంటికి వెళ్ళాను. రానంది. పూర్తి చెయ్యనిదాన్ని ఒకదాన్ని కూచోబెడితే ఎవరి కంటా పడదు, ఇద్దర్ని కూచోబెడితే జనం లెక్కపెడతారు, చునేని కూచోనివ్వండి, దానికి బడంటే ప్రాణం అంది. ఈ మాట నీకు చెప్పొద్దని కూడా అంది. అప్పట్నుంచీ ఏటా ఆవిడ వాటా ఇంటికి పంపుతున్నాం."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. మంట చుట్టూ అందరూ మంటకేసి చూడటం, చలికాలంలో తను ఆ మాట అన్నప్పుడు మాల్జా అవ్వ తల దించుకోవడం, పిల్సున్ తడి సంచీ ఎత్తుకుని పొగవైపు నడవడం, ఒక్కొక్కటీ ఇప్పుడు వేరేగా కనిపించసాగింది. ఆ చొక్కా అక్కడికక్కడే ఊడదీసి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"చలికాలంలో నువ్వన్న మాట ఊళ్ళో అందరం విన్నాం," అన్నాడు సాంగిల్ మళ్ళీ కోయడం మొదలుపెడుతూ. "ఈసారి ఈ వాటా నీ చేతికే ఇవ్వాలనిపించింది."

మైకులో సొన్మి గొంతు చునే పేరు పిలిచింది.

వేదిక మీద మునకగత్తెలు పండగ బట్టల్లో వరసగా నిలబడ్డారు. సొన్మి పేరు చదువుతుంది, చునే పట్టా అందిస్తుంది, కో మాస్టారు చప్పట్లు కొడతాడు. మాల్జా అవ్వ పట్టా తీసుకుని వెలుతురుకి పట్టి చూసి, "నా పేరు ఏదీ?" అంది. చూపించాక, "ఇంత చిన్నగానా" అంది. జనం నవ్వారు. చునే చేతులు పని చేస్తున్నాయి. కళ్ళు మాత్రం గుడారాల అవతల పొగ లేచే వైపే ఉన్నాయి.

"పిల్సున్ గారు," అంది సొన్మి.

ఎవరూ రాలేదు. సొన్మి రెండోసారి పిలిచింది.

"కుండ దగ్గరుంది," అన్నారు జనంలోంచి.

"పక్కన పెట్టండి, తరవాత ఇద్దాం," అన్నాడు కో మాస్టారు.

చునే పక్కన పెట్టలేదు. మైకు దగ్గరికి వెళ్ళింది. ఏం చెప్పాలో సర్దుకోలేదు.

"ఆవిణ్ణి కుండ దగ్గర పెట్టింది నేనే," అంది. తన గొంతు బడి గోడలకి తగిలి తిరిగి వచ్చింది. "నేనూ ఐదో తరగతిలోనే మానేశాను. ఇద్దరం ఒకే రోజు. నేను పూర్తి చేశానని అబద్ధం చెప్పుకుని ఈ చొక్కా తొడుక్కున్నాను. చలికాలంలో ఆవిడని నేనన్న మాట, నిజానికి నన్ను అనవలసిన మాట. ఈ పట్టాలిచ్చే అర్హత నాకు లేదు. అంతే."

ఎవరైనా ఏదైనా అంటారనుకుంది. నాలుగో బ్యాచ్ గుడారంలో ఒకాయన బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఇంకొకాయన దూరంగా జెండాల్ని చూస్తున్నాడు. ముసలివాళ్ళలో ఒక్కరికీ ఆశ్చర్యం లేదు. అంత జనంలో నివ్వెరపోయిన మొహం ఒక్కటే. మైకు పక్కన పేర్ల కాగితంతో నిలబడ్డ సొన్మిది.

చునే పిల్సున్ పట్టా ఒక చేత్తో, సాంగిల్ బల్ల మీంచి తీసుకున్న కాగితం కప్పిన పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని గుడారాల వెనక్కి వెళ్ళింది. పెద్ద ఇనప కుండ ముందు పిల్సున్ చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి. పులుసులో నాచు పచ్చగా ఉడుకుతోంది.

"పొంగుతోంది, కొంచెం జరుగు," అంది పిల్సున్.

చునే జరిగింది. పట్టా ఎక్కడ పెట్టాలో తెలియక ఉప్పు బస్తా మీద పెట్టింది. పళ్ళెం దాని పక్కన.

"మైకులో విన్నాను," అంది పిల్సున్ గరిటె తిప్పుతూ.

"తప్పు చేశాను, పిల్సున్."

"ఊఁ."

"సహకార సంఘం పని నువ్వు తీసుకో. నేను తప్పుకుంటానని రేపే చెబుతాను. నియమం సంగతి కో మాస్టారితో మాట్లాడతాను."

"వద్దు."

"ఎందుకు?"

పిల్సున్ గరిటె కుండ అంచున తట్టి ఆగింది. "ఆ రోజు కావాలనిపించింది. అవ్వ నా పేరు చెబుతుందని నాకు ముందే తెలుసు. ఇంట్లో కూచుని పేరు రాసి చూసుకున్నాను, ఎడమ చేత్తో ఒకసారి, కుడి చేత్తో ఒకసారి, ఏది బాగుందా అని. ఆ రోజు చాలా కావాలనిపించింది, చునే. ఇప్పుడు లేదు. నువ్వు తప్పుకుని ఇస్తే తీసుకోలేను."

చునే క్షమించమని అడగబోయింది.

"ఆ పక్క చెవి పట్టుకో," అంది పిల్సున్. "దించాలి."

చునే నీలం చొక్కా అంచు చేతికి చుట్టుకుని కుండ చెవి పట్టుకుంది. కాలింది. వదల్లేదు. ఇద్దరూ కలిసి దించారు.

ఆ సాయంత్రం చునే, సొన్మి కలిసి ఇంటికి నడిచారు. నారింజ తోటల పూలవాసన దారంతా ఉంది. ఇంటి మలుపు దగ్గర సొన్మి ఆగింది.

"ఐదో తరగతి అని నాతో చెబితే నేనేమనుకుంటానని అనుకున్నారు అత్తయ్యా? మా అమ్మ మూడోదాకే చదివింది. ఆ మాట నేను పెళ్ళిచూపుల్లోనే మీకు చెప్పాను. మీరు, పోనీలే అమ్మా, అప్పటి ఆడవాళ్ళంతే అన్నారు. మా అమ్మని చూసి జాలిపడ్డారు."

అవును, అన్నది. ఆ రోజు అలా అనగలిగినందుకు తను లోపల ఎంత పొంగిపోయిందో కూడా చునేకి గుర్తుంది. తల ఎత్తలేకపోయింది. సొన్మి ముందు నడిచింది, ఆమె వెనక.

మర్నాడు పొద్దున నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఒడ్డుకొచ్చాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే గోడ లోపలికి వచ్చి ఎవరి చోట వాళ్ళు కూచున్నారు. పండగ కబుర్లు మొదలయ్యాయి. మాల్జా అవ్వ పట్టాని మనవడు గోడకి తలకిందులుగా కొట్టాడట, చదవడం వచ్చినవాడే.

చునే తన చోటుకి వెళ్ళలేదు. మంట చుట్టూ తిరిగి పొగవైపు వచ్చి, పిల్సున్ పక్కన కూచుంది. పొగ నేరుగా మొహానికి కొట్టింది. దగ్గు ఆపుకుంది. పక్కన పిల్సున్ తలగుడ్డ పిండుతోంది, ఎప్పట్లాగే మెల్లగా, చుక్క మిగలకుండా.

పిండడం అయ్యాక పిల్సున్ లేచింది. మంట దాటి అటువైపు వెళ్ళి, అవ్వ కుడిపక్క పడి ఉన్న వలసంచి తీసి కింద పెట్టి, తన పాత చోట కూచుంది. అవ్వ కొంచెం జరిగింది. కబుర్లు ఆగలేదు.

కొత్త కోడలు పిల్ల చునేకేసి వంగింది. "పెద్దమ్మా, ఇక్కడ పొగండీ. మీరు అటు కూచోండి."

"తెలుసమ్మా," అంది చునే. "నేనిక్కడే కూచుంటాను. నువ్వు కొంచెం ఇటు జరుగు."